నాగావళి మొదటి ఎంపిక

డ్రాఫ్ట్‌కి ఇంకా వారం ఉందనగానే మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. నాన్నది దమయంతి పార్టీ. అమ్మది రిజ్వానా పార్టీ.

"కూతకెళ్తే ఖాళీ సేతుల్తో రాని పిల్ల అది. దాన్నొగ్గేసి ఇంకెవుల్ని తీసుకుంతారేటి?" అన్నాడు నాన్న, కంచం ముందు కూర్చుంటూ.

"కిందటేడు మనోలు ఓడిపోయింది కూత రాకేటి? పట్టు నేక," అంది అమ్మ. "ఆ కర్నూలు పిల్ల సీలమండ పట్టిందంటే మరి ఒగ్గదు. అదీ కావల్సింది."

"పట్టు గురించి నీకేటి తెలుసే?"

"ముప్ఫయ్యేళ్ళ కాడినుంచి నిన్ను ఒగ్గకండా పట్టుకునున్నాను. నాకు తెలీదేటి?"

నాన్న నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పవే వరాలూ. మీ మిషనేటంతంది?"

నేను అన్నం కలుపుకున్నాను. చెప్పకూడదు.

తీరాంధ్ర మహిళా కబడ్డీ లీగ్‌లో ఆరు జట్లున్నాయి. యూనివర్సిటీల తరఫున ఆడే అమ్మాయిలలోంచి ఏటా ఒక్కో జట్టూ వంతుల ప్రకారం కొత్తవాళ్ళను ఎంచుకుంటుంది. అదే డ్రాఫ్ట్. కిందటేడు ఆఖరున నిలిచిన జట్టుకి మొదటి వంతు ఇస్తారు. ఆ ఆఖరి జట్టు మాదే, నాగావళి. మొదటి వంతు అన్న మాటే గానీ దమయంతి, రిజ్వానాలలో ఒక్కరే మాకు దక్కుతారు. మళ్ళీ మా వంతు వచ్చేదాకా రెండో అమ్మాయిని ఎవరూ మిగల్చరు. ఈ ఏడు కూడా ఆఖరికొస్తే జట్టు ఎత్తేస్తామని యజమానులు ముందే చెప్పేశారు.

నాన్న మిషన్ అన్నది నా ఉద్యోగాన్ని. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళింది నేనొక్కదాన్నే. మనిషి ఒళ్ళు ఎలా కదులుతుందో, ఎక్కడ అరిగిపోతుందో లెక్కకట్టే చదువు చదివి నాగావళి ప్రయోగశాలలో చేరాను. అక్కడి యంత్రం సంగతే నాన్న అడిగింది.

విజయనగరంలో స్టేడియం వెనక రెండు గదులే మా ప్రయోగశాల. డ్రాఫ్ట్‌కి పేరిచ్చిన అమ్మాయి అక్కడికొచ్చి, లోపలంతా సన్నటి తీగలున్న బిగుతు బనీను వేసుకుని రోజంతా ఆడుతుంది. ఎముకలు, కీళ్ళు, గుండె, ఊపిరితిత్తులు అన్నిటికీ స్కాన్లు తీస్తాం. వాటితో యంత్రం లోపల అచ్చం ఆమెలాంటి దేహమే ఒకటి తయారవుతుంది. దాన్ని మేం ఆమె జంట అని పిలుచుకుంటాం. దానికీ అలసట ఉంటుంది, దెబ్బలు తగులుతాయి, వయసు పైబడుతుంది. దాన్ని బరిలోకి దింపి పది సీజన్లు ఆడిస్తాం. మేం భోజనానికి వెళ్ళొచ్చేసరికి పదేళ్ళ ఆట అయిపోతుంది. మోకాలు ఏ ఏడు పోతుందో, వేగం ఎప్పుడు తగ్గుతుందో మాకు ముందే తెలుస్తుంది.

రిజ్వానా జంటకి ఐదో సీజన్‌లో భుజం జారింది. ఒక ఏడు కూర్చుని మళ్ళీ ఆడింది. దమయంతి జంట మాత్రం పదేళ్ళూ ఆగకుండా ఆడింది. ముప్ఫై ఏళ్ళ వయసులో కూడా ఒక్క కూతలో ముగ్గురిని తాకి వచ్చింది.

"ఒలమ్మ, ఇది మనిషేటే!" అంది మా కోచ్ సూరీడమ్మ గారు తెర చూస్తూ. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకి ఆవిడే ప్రధాన రైడర్. ఇప్పటికీ కుర్చీలో కూర్చుంటే ఒక కాలు ముందుకే ఉంటుంది.

మేనేజర్ విఠల్ గారిది మా అమ్మ పార్టీ. "మేడమ్, మనకి డిఫెండర్ కావాలి. ఇంత బాగా ఆడే పిల్ల అన్నిసార్లు ఔట్ ఎందుకవుతోంది? ఏదో బలహీనత ఉంది. పసిగడితే మిగతా జట్లు ఊరుకుంటాయా?"

"అదీ సూద్దాం. ఒలే వరాలూ, దీన్ని ఎవులెవులు పట్టుకుంతన్నారో తియ్యి."

దమయంతి జంట ఔటైన కూతలన్నీ వరసగా పెట్టాను. ప్రతి ఔట్ పక్కనా పట్టుకున్న డిఫెండర్ పేరు వస్తుంది. కొన్నిటి పక్కన పేరు లేదు.

"గీత దాటిందేమో," అన్నారు విఠల్ గారు.

పేరు లేని వాటిలో మొదటిది తెరమీద పెట్టాను. రెండో సీజన్. అవతలివాళ్ళు దమయంతి జంట కాలు పట్టుకున్నారు, నడుం పట్టుకున్నారు, అందరూ మీద పడ్డారు. ఊపిరి బిగబట్టి పాకుతూ వాళ్ళందరినీ ఈడ్చుకుంటూ వచ్చి, చెయ్యి చాపి మధ్య గీత తాకింది. పాయింట్లన్నీ మావే. అవతలివాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఆమె లేవలేదు.

యంత్రం ఔట్ అని రాసుకుంది. ఆ తర్వాతి కూతలో మా జట్టుకి ఒక పాయింట్ వచ్చింది. బయట కూర్చున్న దమయంతి జంట లేచి, చేతులు దులుపుకుని, మళ్ళీ బరిలోకి నడిచింది.

సూరీడమ్మ గారు కాలు వెనక్కి తీసుకుంది. "గుండె సూపించు," అంది.

చూపించాను. ఆమె నేలమీద ఉన్నంతసేపూ గుండె గీత తిన్నగా ఉంది.

ఆ గదిలో పనిచేసేవాళ్ళమంతా కబడ్డీ మనుషులమే. ఆడలేని స్థితిలో ఉన్న మనిషి ఔట్ అనీ, జట్టుకి పాయింట్ వస్తే ఔటైనవాళ్ళు వరసలో మళ్ళీ బరిలోకి వస్తారనీ యంత్రానికి నేర్పాం. ఆట రూలే కదా, అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. మనిషి చచ్చిపోతే ఏం చెయ్యాలో నేర్పలేదు. దానికి తెలిసిన పద్ధతిలో అది ఆ పిల్లని పదేళ్ళపాటు లేపుతూ వచ్చింది.

స్కాన్లు మళ్ళీ తిరగేశాను. గుండె కండరంలో ఒక చిన్న మచ్చ ఉంది. మామూలు పరీక్షల్లో తేలదు. పరిగెత్తినా ఏమీ కాదు. ఊపిరి బిగబట్టి, మీద బరువు పడి, ఒళ్ళంతా పెనుగులాడేటప్పుడు మాత్రం గుండె తాళం తప్పుతుంది. అంటే కూతలో.

విఠల్ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "సరే, వాదన తీరింది. రిజ్వానాని తీసుకుందాం," అన్నారు.

"మరి ఈ పిల్ల?" అన్నాను.

"రెండో వంతు వాళ్ళు తీసుకుంటారు."

"తీసుకుని కూతకి పంపిస్తారు."

ఆ పిల్లకి ముందే చెప్పడానికి వీల్లేదు. జంట చెప్పిన విషయం బయటికి పొక్కితే అమ్మాయిల బతుకులు పాడవుతాయని లీగ్ ఒక కట్టుబాటు పెట్టింది. ఏ జట్టయినా తను ఎంచుకున్న అమ్మాయికే ఆమె ఫలితాలు చూపించాలి. మిగతావాళ్ళవి డ్రాఫ్ట్ రోజున చెరిపెయ్యాలి. మీరితే ప్రయోగశాల మూసేస్తారు. మంచికే పెట్టిన రూలు. పైగా జంట మాట వైద్య సాక్ష్యం కాదని లీగే రాసుకుంది. దమయంతి ఆరోగ్యం బాగుందని లీగ్ డాక్టరు అప్పటికే సంతకం చేశాడు.

"ఏమీ సెప్పకండా పెద్ద డాక్టరికి సూపించుకోమంటే?" అంటూ సూరీడమ్మ గారు ఫోన్ తీసింది. మాకు వినపడేలా పెట్టింది.

"మేడమ్! నమస్కారం మేడమ్!" దమయంతి గొంతు గలగలలాడింది.

"ఒలే దమయంతీ, ఒకపాలి విశాఖపట్నం ఎల్లి గుండె సూపించుకోవే. ఊపిరి బిగబట్టించి సూడమని సెప్పు."

అవతల నవ్వింది. "మీరు కూడానా మేడమ్? నిన్ననొకలు ఫోన్ సేసి నా మోకాలు బాగోనేదంట అన్నారు. వేరే జట్లు నన్ను తీసుకోకండా బయపెడతన్నారా? నానేటీ బయపడను. మీరే తీసుకోండి, మీకాడే ఆడతాను."

ఫోన్ పెట్టేశాక సూరీడమ్మ గారు నాతో అంది, "సూసేవా, తెలివైన పిల్ల. నానైనా అలాగే అందును."

డ్రాఫ్ట్ ముందు ఇలాంటి బెదిరింపులు మామూలే. కళ్ళతో చూస్తే తప్ప ఆమె నమ్మదు. చూపించాలంటే ఆమె మా జట్టు మనిషి కావాలి.

"వద్దు మేడమ్," అన్నారు విఠల్ గారు, ఆవిడ ఇంకా నోరు విప్పకముందే. "ఆడలేని పిల్ల మీద మొదటి వంతు ఖర్చుపెడతామా? మనది జట్టు, ఆస్పత్రి కాదు. మళ్ళీ ఆఖరికొస్తే పన్నెండు మంది అమ్మాయిలు రోడ్డున పడతారు. వాళ్ళ మాటేమిటి?"

అది అబద్ధం కాదు. ఆ పన్నెండు మందిలో ముగ్గురు ఈ ఆట మీదే ఇల్లు నడుపుతున్నారు.

"ఆలకి ఇంకో జట్టు దొరకొచ్చు విఠల్ బాబూ," అంది సూరీడమ్మ గారు. "దొరక్కపోవచ్చు కూడా. అప్పుడు నన్ను తిట్టుకుంతారు. తిట్టడానికి బతికుంతారు కదా."

ఆ పూట తేలలేదు. మర్నాడూ తేలలేదు. ఇంట్లో అమ్మా నాన్నా పట్టు వదలకుండా వాదించుకుంటుంటే నేను నాన్నని అడిగాను.

"దమయంతిని తీసుకుని ఆడించకపోతే?"

"ఆడించకపోతే తీసుకోడం దేనికి? బెంచీ మీద కూకోబెట్టడానికా? ఆ పిల్ల ఉసురు తగుల్తాది మీకు." నాన్న నిజంగానే కోపంగా అన్నాడు. అమ్మ మాత్రం నా మొహం చూసి, కంచంలో పెరుగు వేసింది.

డ్రాఫ్ట్ విశాఖపట్నంలో ఒక హోటల్ హాల్లో జరిగింది. నాగావళి పేరు పిలిచారు. వేదిక ఎక్కాల్సింది సూరీడమ్మ గారు. కానీ విఠల్ గారు లేచారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "నేనే చదువుతాను మేడమ్," అన్నారాయన. "రేపు తిట్లు పడినప్పుడు సగం నాకూ రావాలి కదా."

ఆయన మైకు అందుకున్నారు. "నాగావళి మొదటి ఎంపిక, బెండి దమయంతి. రైడర్."

పలాస నుంచి వచ్చిన వాళ్ళమ్మ దమయంతిని వాటేసుకుని అక్కడే ఏడ్చేసింది. హాలంతా చప్పట్లు. రిజ్వానా పేరు ఆ వెంటనే వేరే జట్టు చదివింది. నా ఫోన్ మోగింది.

"నా మాటే నెగ్గింది సూడు!" నాన్న అరుస్తున్నాడు. "మీ అమ్మకి సెప్పు, నా మాట ఇంతనేదు!"

చెప్తానన్నాను.

రెండు రోజులకి దమయంతి వాళ్ళమ్మతో ప్రయోగశాలకి వచ్చింది. వాళ్ళమ్మ జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఒలుస్తుంది. జీడి రసం తగిలి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. అందరికీ తలో పొట్లం జీడిపప్పు ఇచ్చింది. సూరీడమ్మ గారు పొట్లం ఒళ్ళో పెట్టుకుని, తిప్పి తిప్పి చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పింది.

దమయంతి ముందు నవ్వింది. తర్వాత నా వైపు చూసింది. నేను నవ్వలేదు.

"నన్ను మొదట తీసుకుని ఆడొద్దంతారేటి మేడమ్? రిజ్వానాని తీసుకోవలసింది. మీరొగ్గేస్తే ఇంకోలు తీసుకుందురు. ఆడుదును."

"ఆడుదువు. అందుకే ఒగ్గనేదు."

"సూపించండి."

యంత్రాన్ని అప్పటికే సరిచేశాను. ఈసారి చనిపోయినవాళ్ళు చనిపోయినట్టే ఉంటారు. రెండో సీజన్‌లో దమయంతి జంట అందరినీ ఈడ్చుకుంటూ వచ్చి గీత తాకింది. అవతలివాళ్ళు లేచారు. వాళ్ళమ్మకి ఆ యంత్రమేమిటో ఏమీ అర్థమై ఉండదు. కానీ తెరమీద తన కూతురు పడి ఉండడం చూసి, చటుక్కున పక్కనున్న కూతురి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

దమయంతి ఆ చెయ్యి తీసేసింది. "లేపండి," అంది నాతో.

"లేవదమ్మా."

"మీరు మొదట సూసినప్పుడు లేచిందన్నారు కదా అప్పా?" అంది, అక్కని పిలిచినట్టు.

"అప్పుడు మేం లేపాం. తప్పు చేసి."

ఆమె తెర వైపే చూస్తూ కూర్చుంది. "ఇదంతా సూడకపోతే బాగుండును," అంది చివరికి. ఆ మాటకి సూరీడమ్మ గారు తల ఊపింది.

విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లు ఊపిరి బిగబట్టించి పరీక్ష చేశారు. జంట చెప్పిందే నిజమని తేలింది. జట్టు ఖర్చుతోనే ఛాతీలో, గుండె తాళం తప్పితే సరిదిద్దే చిన్న పరికరం పెట్టారు. నడవొచ్చు, పనిచేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, ముసలిది కావచ్చు అన్నారు. ఒంటి మీద మనుషులు పడే ఆట మాత్రం మరి వద్దన్నారు. ఒప్పందం ప్రకారం దమయంతి మా జట్టులోనే ఉంది. కొత్తపిల్లలకి పాదం ఎలా వెయ్యాలో నేర్పే పని ఇచ్చారు. పని చేసేది. సూరీడమ్మ గారితో మాత్రం మాట్లాడేది కాదు. మంచినీళ్ళ సీసా అందివ్వాలన్నా ఇంకొకరి చేత పంపించేది.

సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే రిజ్వానా మా రైడర్ల చీలమండలు వరసపెట్టి పట్టింది. ఓడిపోయాం. రెండోదీ ఓడిపోయాం. దమయంతి ఆరోగ్యం సంగతి ఆమె ఒప్పుకోకుండా బయట పెట్టకూడదు కాబట్టి జనానికి ఏమీ తెలీదు. వాళ్ళకి కనిపించేది ఒక్కటే, మొదటి వంతులో తెచ్చుకున్న పిల్ల బెంచీ మీద కూర్చుని ఉంది.

మూడో మ్యాచ్ విజయనగరంలోనే. మా నాన్న కూడా వచ్చాడు. స్కోరు వెనకబడగానే గేలరీలోంచి కేకలు మొదలయ్యాయి.

"ఓ సూరీడమ్మా! దమయంతిని దించవేటి? బొమ్మల కొలువులో పెడతావేటి?"

"నీకంటే బాగా ఆడతాదని కుళ్ళా?"

ఎవడో ఖాళీ మంచినీళ్ళ సీసా విసిరాడు. అది సూరీడమ్మ గారి భుజానికి తగిలి పక్కన పడింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. బరిలోని పిల్లకి, "ఎడం పక్క, ఎడం పక్క!" అని అరుస్తూనే ఉంది. విఠల్ గారు ఆవిడకీ గేలరీకీ మధ్య వచ్చి నిలబడ్డారు. బెంచీ మీద దమయంతి లేచి నిలబడింది. ఆమె లేవగానే, ఆడడానికే లేచిందనుకుని జనం ఈలలు వేశారు. కాసేపు అలా నిలబడి, ఆ సీసా తీసి బెంచీ కింద పెట్టి, కూర్చుంది. ఆ మ్యాచ్‌ కూడా ఓడిపోయాం.

మర్నాడు మధ్యాహ్నం నేను భోజనం డబ్బా విప్పుతుంటే దమయంతి ప్రయోగశాలకి వచ్చింది. వెనకే సూరీడమ్మ గారు ఉంది. ఇద్దరూ కలిసి వచ్చారో, గుమ్మం దగ్గర కలిశారో తెలీదు.

"అప్పా, ఆ పాతది ఉన్నాదా? మీరు తప్పు సేసినది."

"ఉంది."

"అదెయ్యి. ఆఖరి ఏడుది."

వేశాను. దమయంతి కుర్చీ లాక్కుని తెరకి దగ్గరగా కూర్చుంది. సూరీడమ్మ గారు పక్కనే ఉన్న బల్ల మీద కూర్చుంది. తెరమీద ముప్ఫై ఏళ్ళ దమయంతి వంగి, చేతులు చాచి, అవతలి బరిలోకి అడుగుపెట్టింది. మొహం కొంచెం నిండుగా ఉంది. మోకాలికి పట్టీ ఉంది.

"లావయ్యింది," అంది దమయంతి.

"ముప్ఫై వస్తే అవరా? నన్ను సూడు," అంది సూరీడమ్మ గారు.

"కుడికాలు అంత ముందుకెందుకేస్తంది?"

"నువ్విప్పుడూ అలాగే ఏస్తావు. ఎన్నిపాల్లు సెప్పినా ఇనవు."

దమయంతి నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వు విని చాలా రోజులైంది. యంత్రానికి శబ్దం లేదు. తెరమీది మనిషి పెదాలు కదులుతున్నాయి గానీ కూత వినిపించడం లేదు. దమయంతి అది గమనించినట్టుంది. కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి, తనే కూత అందుకుంది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

తెరమీది పెదాలకి సరిగ్గా సరిపోయింది. సూరీడమ్మ గారి చెయ్యి దమయంతి వీపు మీదికి వెళ్ళింది. ఆపమనలేదు. తెరమీది ఆవిడ ఎడంవైపు మళ్ళింది. ఒకరిని తాకింది. మూల మీదున్న పిల్ల చీలమండ కోసం దూకింది, దొరకలేదు. ఇంకా లోపలికి వెళ్ళింది. దమయంతి కూత సన్నబడుతోంది. మెడ మీద నరం లేచింది. నాకు భయం వేసి యంత్రం ఆపబోయాను. సూరీడమ్మ గారు కళ్ళతోనే వద్దంది.

అప్పుడు దమయంతి కూత ఆపేసి, నోరంతా తెరిచి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

తెరమీద ఆవిడ ఇంకా అవతలి బరిలోనే ఉంది. అక్కడ ఊపిరి తీసుకుంటే ఔటేనని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. దమయంతి మళ్ళీ ఊపిరి తీసుకుంది. మరొకటి తీసుకుంది. సూరీడమ్మ గారి చెయ్యి ఆమె వీపు మీద లేస్తూ, దిగుతూ ఉంది.